వరద తీసుకెళ్లిన పేరు

మా ఇంట్లో ఒక పేరంటాలు ఉంది. మా ముత్తాత చెల్లెలు. పదహారేళ్ల పిల్ల నొయ్యల్ ఏటి వరదలో కొట్టుకుపోయిందని, ఒళ్లు కూడా దొరకలేదని చెప్తారు. అందుకే ఏటా ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఒక శుక్రవారం, సింగానల్లూరులోని మా ఇంట్లో ఆమెకోసం కొత్త చీర, గాజులు, పూలు చేటలో పెట్టి దీపం వెలిగిస్తాం. వెలిగించేది ఇంటి పెద్దకోడలు ఒక్కతే. అప్పుడు ఆమె పేరును పెదవులతో పలకాలి, బయటికి వినబడకూడదు. ఆ పేరు అత్త తన కోడలి చెవిలో చెప్తేనే తెలియాలి. పెళ్లయి వేరే ఇంటికి పోయే నాలాంటి ఆడబిడ్డలకు చెప్పరు.

యాభై ఏళ్లుగా ఆ పని మా పెద్దమ్మది, అంటే నాన్నకు వదిన. నన్ను ముద్దుగా 'కన్ను' అని పిలిచేది ఆమె ఒక్కతే. ఆమె పెదవుల కదలికను చిన్నప్పుడు అద్దం ముందు అనుకరించి, పేరు కనిపెట్టాలని చూసి వీపు విమానం మోత మోగించుకున్నాను.

ఇక తరాల కిందట మేమంతా ఈ తమిళ నేలకు ఆంధ్రలో ఏ ఊరినుంచి వచ్చామో మావాళ్లలో ఎవరికీ తెలియదు. కృష్ణ దాటామని ఒకరు, కాదు తుంగభద్ర అని ఒకరు. పెళ్లి భోజనాలయ్యాక దీనిమీద తగువు తప్పదు. వినీ వినీ విసుగెత్తి, నేనూ నాన్నా చిన్న గొట్టాల్లో ఉమ్మి పోసి జన్యు పరీక్షకు పంపాం. దక్షిణ భారతదేశం అని జవాబొచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టాం.

"నన్ను అడిగుంటే ఉమ్మకుండానే చెప్పుందునే" అని నాన్న వారంపాటు నవ్వాడు.

ఆ నవ్వు ఆరకముందే మారిషస్ నుంచి ఒక ఉత్తరం కంప్యూటర్‌లోకి వచ్చింది. రాసినావిడ రిటైరైన టీచరు. వాళ్లు చెరకు తోటల్లో పనికి ఆ దీవికి ఓడల్లో పోయినవాళ్ల వారసులు. ఊరి పేర్లు కాగితాల్లో సరిగ్గా లేవు కాబట్టి, అక్కడ చాలామంది ఇలా రక్తాన్ని అడుగుతున్నారట. ఆ పరీక్షలో వాళ్ల నాన్న రక్తమూ మా నాన్న రక్తమూ కలిశాయి. ఆ పెద్దాయన నాన్నమ్మ ఏదో గొడవపడి, వరద రోజున ఇల్లు వదిలి నడిచిపోయిందట. ఏటి పేరు నొయ్యల్ అని చెప్పిందట. ఓడెక్కింది మాత్రం వేరే ఆడమనిషి పేరున్న కాగితం మీద. అసలు పేరు ఎవరడిగినా "ఏట్లో పోయింది" అనేదట.

ఆ ఉత్తరం చివర ఒకే ఒక్క కోరిక. ఏటా సముద్రం ఒడ్డున పెద్దలకు నీళ్లు వదిలేటప్పుడు అందరి పేర్లూ చెప్తారు, ఆమె దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. తొంభై దాటిన వాళ్ల నాన్నకు మూత్రపిండాలు చెడిపోయాయి. పోయేలోగా నాన్నమ్మను ఒక్కసారి సొంత పేరుతో పిలవాలి.

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మధ్యాహ్నమే పోయి అంతా పెద్దమ్మకు చెప్పేశాను. చిన్న ఉల్లిపాయలు ఒలుస్తున్న చెయ్యి ఆగింది.

"బతికిండిందా?"

"ముసలిదయినాకే పోయిందంట పెద్దమ్మా. ఎనిమిది మంది పిల్లలంట."

"అట్లంటే మేము బతికిండేదానికా చీర పెడ్తా వచ్చింది? అయ్యో, పావం కన్ను, మహా పావం!"

ఆమె తన బిడ్డకు జబ్బు చేసినప్పుడు మొక్కుకున్నది ఆ చేట ముందే. నేనేం చేశానో అప్పుడు అర్థమై, నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా పేరు అడిగాను. ఆమె ఉల్లిపాయల గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

రెండు నెలలు అడుగుతూనే ఉన్నాను. అక్కడినుంచి టీచరమ్మ రోజూ మెసేజ్ పెడుతుంది, వాళ్ల నాన్న ఇవాళ తినలేదని, ఇవాళ మాట తడబడిందని. ఇక్కడ ఈమె ఉలకదు, పలకదు. నేను మధ్యలో అడకత్తెరలో పోకచెక్కను. ఒకరోజు కోపం పట్టలేక, "ఆచారమా పెద్దమ్మా నీకు ముఖ్యం? ఒక మనిషి పోతాండాడు!" అని అరిచాను.

ఆమె కొంగు మెలిపెట్టుకుంది.

"నాకు తెలీదు కన్ను. అత్త చెప్పేదానికి ముందే పోయె, టక్కుని. తెలీదంటే దీపం నా చేతినుంచి పీక్కుంటారని భయం. ఒట్టి వాయి, నోరు మాత్రం కదిలిస్తా వచ్చినా. యాభై ఏండ్లు. ఎవరికి చెప్పేది?"

రక్తం సముద్రం దాటి వచ్చి మా తలుపు తట్టింది, తీసి చూస్తే లోపల ఏమీ లేదు.

మరుసటి ఆదివారం వీడియో కాల్ వచ్చింది. మంచం మీద పెద్దాయన ముఖం పిడికెడంత అయిపోయింది. నాన్న "బావా!" అని ఏడ్చాడు. టీచరమ్మ ఇంగ్లీషులో అడిగింది, పేరు దొరికిందా అని. లేదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, అద్దానికి నోరానించి, ఒక పేరు చెప్పింది. గట్టిగా, స్పష్టంగా.

పెద్దాయన దాన్ని మెల్లగా పలికాడు. మళ్లీ పలికాడు. టీచరమ్మ కన్నీళ్లతో మాకు దండం పెట్టింది.

అది పెద్దమ్మ సొంత పేరు.

నాన్న నా వైపు చూశాడు, నేను నేలవైపు చూశాను. సరిదిద్దడానికి ఒక్క మాట చాలు. ఆ ముఖం ముందు ఆ మాట నాకు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

పెద్దాయన పదకొండు రోజులకు పోయాడు. సముద్రం ఒడ్డున నీళ్లు వదులుతూ నాన్నమ్మ పేరు కూడా చెప్పామని టీచరమ్మ రాసింది. పెద్దమ్మకు చదివి వినిపించాను.

"సరిపోయె" అంది ఆమె, వత్తి చేస్తూ. "బతికిండేదానికి మేము చీర పెడ్తిమి. బతికిండే నాకు వాళ్లు నీళ్లు వదిల్నారు."

ఈ ఆడి శుక్రవారం కూడా ఆమే దీపం వెలిగించింది. పెదవులు కదిలాయి. ఈసారి నేను చూడలేదు.