పశువుల డాక్టరు చదివిన నా రిపోర్టు

రొమ్ములో గడ్డ ఉందని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో నేను మహారాణినయ్యాను. వనపర్తి దవాఖానాలో గడ్డకు సూది గుచ్చి ఇంత ముక్క తీసి, పరీక్షకు హైదరాబాదు పంపారు. క్యాన్సరో కాదో వారంలో తెలుస్తుందన్నారు. ఆ వారమంతా మా అత్త నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఇరవై రెండేళ్లు నా చారుకు వంకలు పెట్టిన మనిషి, తనే వండి, ఎదురుగా కూర్చుని తినేదాకా చూసేది. ప్రేమే కావచ్చు, నాకు మాత్రం బతికుండగానే పిండం పెడుతున్నట్టు ఉండేది.

ధైర్యంగా ఉన్నానని చెప్పను. వాకిలి సగం ఊడ్చి, చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయేదాన్ని. గడ్డ కరిగిందేమోనని పూటపూటా తడుముకునేదాన్ని. సోమశిల శివుడికి మొక్కుదామంటే, పోయినేడు మొక్కిందే ఇంకా తీర్చలేదు. మళ్లీ ఏ మొహంతో అడిగేది?

మా ఆయన పెబ్బేరు సంతలో ఎద్దుల దళారి. రిపోర్టు తేవడానికి శుక్రవారం వనపర్తి పోయి, ఇంకా రాలేదట అని ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. తెల్లారి సంతకు పోయాడు. నాకు నిలవలేక దవాఖానాకు ఫోన్ చేశాను. మీ ఆయన నిన్ననే తీసుకుపోయాడమ్మా అన్నారు.

అబద్ధమాడాడంటే నాకు రోగం ఉన్నట్టే కదా. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బస్సెక్కి పెబ్బేరులో దిగాను.

ఆయన రాయచూరు రైతుతో బేరంలో ఉన్నాడు. ఇద్దరి చేతులూ తువ్వాల కింద ఉన్నాయి. పక్కవాళ్లకు తెలియకుండా వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. బేరం తెగేదాకా చెయ్యి తీయకూడదు, తీస్తే దళారి పరువు పోయినట్టే. వాళ్ల నాన్న పోయిన కబురు వచ్చిన రోజు కూడా బేరం ముగించే కదిలానని ఈయన గొప్పగా చెప్పుకునేవాడు. అట్లాంటివాడు నన్ను చూడగానే చెయ్యి లాగేశాడు. రైతు కన్నడంలో ఏదో తిట్టాడు.

రిపోర్టు ఏదన్నాను. జేబులోంచి కవరు తీసిచ్చాడు. అంటించింది అంటించినట్టే ఉంది. చింపి చూస్తే అంతా ఇంగ్లీషు. మా ఇద్దరి చదువూ కలిపినా అందులో ఒక్క లైను దాటదు. ఆ సంతలో ఇంగ్లీషు వచ్చినవాడు నాకు తెలిసి ఒక్కడే, పశువుల డాక్టరు. అప్పుడాయన సూదులు వేస్తున్నాడు. వరుసలో నాకంటే ముందు రెండు బర్రెలున్నాయి. వాటి వెనక నిలబడ్డాను, నా వెనక మా ఆయన.

నా వంతు వచ్చాక ఆయన చేతులు కడుక్కుని కాగితం మొత్తం చదివాడు.

"నేను జెప్పేది గాదమ్మా, ఈ కాయితం మీ డాక్టరుకు సూపియ్యుండ్రి. కానీ దీంట్ల రాసింది కొవ్వు గడ్డ అనే. క్యాన్సర్ లేదు."

అక్కడే పేడలో కూలబడి ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. నిన్నటి నుంచి జేబులో పెట్టుకుని నన్నెందుకు చంపినవని మా ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి విడిపించుకోలేదు.

"ఇప్పితే తెలిసిపోతది గద," అన్నాడు. "ఇప్పకుంటే, ఇంకొక్క దినం నీకేం లేనట్లే."