కోత లేని బోణి

రోజుకు నేను మాట్లాడే మాటల్లో సగం రంగుల పేర్లే. చిలకపచ్చ, సీసాపచ్చ, ఆకుపచ్చ, పాచిరంగు. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో మాది మ్యాచింగ్ సెంటర్. చీరకు తగ్గ జాకెట్ బట్ట, లైనింగ్, ఫాల్, దారం అమ్ముతాను. వచ్చిన ఆడవాళ్ళు చీర కొంగు పట్టుకుని గుమ్మం దాకా పోయి, వెలుతురులో నా బట్ట పక్కన పెట్టి చూసుకుంటారు. వాళ్ళు చూసేది కొంగును, బట్టను. నన్ను చూసేవాళ్ళు తక్కువ. రంగు కుదిరితే కొంటారు, కుదరకపోతే పెదవి విరిచి పోతారు. నేను మళ్ళీ తాను చుట్టి పైన పెడతాను.

దుకాణం మా ఆయన పెట్టింది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. ఏడవడానికి చెప్పడం లేదు, సంగతి తెలియడానికి చెబుతున్నాను. ఇంట్లో ఒకదాన్నే, కొట్లో ఒకదాన్నే. ఒక్కోసారి మధ్యాహ్నం పూట ఊరికే గొంతు సవరించుకుని, ఇంకా పలుకుతోందో లేదో చూసుకునేదాన్ని. ఒంటరిదాన్నని ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. ఎవరైనా జాలిపడితే మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఆయన నేర్పినవాటిలో నేను పొల్లు పోకుండా పాటించింది బోణి. పొద్దున తొలి బేరం పైసలు చేతిలో పడాలి. వాటిని కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేయాలి. బోణి కాకముందు అప్పివ్వకూడదు, ధర తగ్గించకూడదు. బోణి ఎట్లా ఉంటే రోజంతా అట్లానే ఉంటుందని ఆయన నమ్మకం. నాకు నమ్మకం ఉందో లేదో ఎప్పుడూ ఆలోచించలేదు, చేస్తూ వచ్చాను. ఫోన్లతో డబ్బులు కొట్టే కాలం వచ్చాక కాస్త ఇరకాటంలో పడ్డాను. కౌంటరు మీది డబ్బా "ఇరవై రూపాయలు అందినవి" అని అరుస్తుంది, చేతిలో ఏమీ పడదు. డబ్బాను కళ్ళకద్దుకుంటే చూసినవాళ్ళు నవ్వుతారు. చివరికి ఆ డబ్బాకే ఒక దండం పెట్టడం మొదలుపెట్టాను. ఇరవైకి ఇరవై ఖాతాలో పడుతున్నాయి కదా అని సర్దిచెప్పుకున్నాను.

కార్డు మిషన్‌తో మాత్రం సర్దుకోలేకపోయాను. సంచి తగిలించుకుని ఒకాయన వచ్చాడు. "ఆదిభట్ల కంపెనీలోళ్ళందరి దగ్గర కార్డులే ఉంటయి మేడమ్. మిషన్ లేకుంటే మీ గిరాకంత సిటీకే పోతది" అని భయపెట్టాడు. సంతకం పెట్టమన్నచోటల్లా పెట్టాను. ఏం రాసిందో చదవలేదు. నెల తిరిగాక చూసుకుంటే, కార్డు గీకిన ప్రతిసారీ నూటికి రెండు రూపాయల దాకా తగ్గించి వేస్తున్నారు. ఆ తగ్గించినదాని మీద మళ్ళీ పన్ను. ఇవిగాక మిషన్‌కు నెల అద్దె. ఫోన్ చేసి దులిపేద్దామనుకుంటే, అవతల ఒక అమ్మాయి "ఆ ఛార్జీ దుకాణందారే భరించాలండి, కస్టమర్ దగ్గర వసూలు చేయకూడదు" అని ఒకే మాట నాలుగుసార్లు చెప్పింది. అరిచినా అదే మాట.

మా సందులో మిగతావాళ్ళు "కార్డైతే రెండు శాతం ఎక్కువ" అని అట్టముక్క మీద రాసి వేలాడదీశారు. నాకు మనసొప్పలేదు. మిషన్ మీద ఒక పాత గుడ్డ కప్పి సొరుగులో పెట్టాను. ఎవరైనా కార్డు చూపిస్తే మొహం మాడ్చుకుని బయటికి తీసేదాన్ని.

ఆ అమ్మాయి మొదటిసారి వచ్చింది ఒక శనివారం పొద్దున. అప్పుడే షట్టరెత్తి ఊడ్చాను. మెడలో కంపెనీ బిళ్ళ, ఎర్రబడ్డ కళ్ళు. ఆదిభట్లలో రాత్రి డ్యూటీ చేసి, చౌరస్తాలో కంపెనీ బస్సు దిగి నేరుగా వచ్చింది. లైనింగ్ రెండు మీటర్లు, రెండు ఫాల్స్, నాలుగు దారం రీళ్ళు తీసుకుని కార్డు చాపింది.

"బోణి కాలే బిడ్డ. బోణికి కార్డు తీసుకోను" అన్నాను.

"ఎందుకక్క?"

"దాంట్ల కోత పడతది. కోత పడ్డ పైసలతోని నేను దినం మొదలువెట్ట. ఫోన్ల కొట్టు, లేకుంటే నోట్లియ్యి."

"రెండూ లేవక్క. జీతం పడ్డనాడే ఇంటికి పంపుత. నెలంత ఈ క్రెడిట్ కార్డు మీదనే బతుకుడు."

"అయితే ఇంకెవరన్న వచ్చి బోణి చేసేదాంక ఆగాలె."

ఇంకొకరైతే బట్ట కౌంటరు మీద పడేసి, నన్ను రెండు మాటలని పోయేవాళ్ళు. ఆమె "సరె, ఆగుత" అని స్టూలు మీద కూర్చుంది. వెనక అలమారకు తల ఆనించి కళ్ళు మూసింది. పది నిమిషాలకు తెరిచింది. తెరవగానే నన్ను చూసి, "అక్క, పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అంది.

తిన్నానని అబద్ధం చెప్పాను. ఆ ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి ఎంత కాలమయిందో గుర్తుచేసుకోవడానికి భయమేసింది.

ఆమెది పాలమూరు దిక్కట. కంపెనీలో విమానాల సామాన్లు కొలిచే పని. వెంట్రుకంత తేడా ఉన్నా పక్కన పడేయాలట. ఆ కళ్ళతోనే సెలవు రోజున రూములో జాకెట్లు కుడుతుంది, నాలుగు పైసలు వస్తాయని. నా దగ్గరి సీసాపచ్చ లైనింగ్ రెండు తానుల్లో ఒకటి కొంచెం వెలిసిందని ఆమే పట్టుకుంది. నిజమే, వెలిసింది. నాకు కోపం రావలసింది, రాలేదు. అరగంటకు ఒకామె వచ్చి హుక్కుల పొట్లం కొని ఇరవై నోటిచ్చింది. కళ్ళకద్దుకుని గల్లాలో వేశాను. అప్పుడు సొరుగు లాగి, మిషన్ తీసి, ఆ అమ్మాయి కార్డు గీకాను. కోత కింద నాలుగైదు రూపాయలు పోయి ఉంటాయి. ఆ పూట అవి నాకు గుర్తు కూడా రాలేదు.

తర్వాత ప్రతి శనివారం అదే వరస. ఆమె వచ్చేది, సామాను తీసి పక్కన పెట్టుకునేది, బోణి కోసం కూర్చునేది. నేను ఫ్లాస్కులో చాయ్ తేవడం మొదలుపెట్టాను. శుక్రవారం నుంచే ఆమెకు చెప్పాల్సినవి మనసులో పోగేసుకునేదాన్ని. నా దగ్గర ఏముంటాయి? ఫలానా ఆమె తెచ్చిన చీర రంగు, నల్లా నీళ్ళు రాకపోవడం, మోకాలు నొప్పి. ఆమె అన్నీ వినేది. మధ్యలో ఒక కునుకు తీసి, లేచి, "ఆ, మోకాలన్నవ్ కదా" అని వదిలినచోటే అందుకునేది.

బోణి తొందరగా అయిన రోజున నాకు చిరాకేసేది. ఇదెక్కడి దుకాణదారి బుద్ధో మీరే చెప్పండి. ఒక శనివారం ఆమె రాకముందే ఎవరో వచ్చి నోటిచ్చి బోణి చేసి పోయారు. ఆమె వచ్చి, కార్డు గీకి, రెండు నిమిషాల్లో వెళ్ళిపోయింది. చాయ్ ఫ్లాస్కులోనే ఉండిపోయింది. ఆ మరుసటి వారం నుంచి శనివారాలు షట్టర్ సగమే ఎత్తేదాన్ని. ఎవరైనా వంగి చూస్తే "ఇంక తెరవలే" అనేదాన్ని. కంపెనీ బస్సు హారన్ వినబడ్డాకే పూర్తిగా ఎత్తేదాన్ని. మా ఆయన ఉంటే తానుతో కొట్టేవాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు ఆమె స్టూలు మీద కూర్చుని వాళ్ళమ్మ గురించి చెబుతోంది. వాళ్ళమ్మకు కళ్ళ ఆపరేషన్ చేయించాలి. అంతలో పక్క సందు టైలర్ వచ్చి పది నోటు చాపి, "అక్క, తెల్లదారం ఒకటియ్యి" అన్నాడు.

"లేదన్న, అయిపోయింది."

టైలర్ నన్ను వింతగా చూశాడు. మ్యాచింగ్ సెంటర్‌లో తెల్లదారం లేకపోవడమంటే హోటల్లో మంచినీళ్ళు లేకపోవడం. అతను పోయాడు. ఆ అమ్మాయి మెల్లగా వెనక్కి తిరిగింది. ఆమె తల వెనకే, అలమారలో, తెల్లదారం రీళ్ళ డబ్బా నిండుగా ఉంది. వెంట్రుకంత తేడాను పట్టే మనిషికి అంత డబ్బా కనబడకుండా ఉంటుందా. చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి పెట్టింది. ఇంకొకరు వచ్చి బోణి చేసేదాకా కూర్చుని, కార్డు గీకి పోయింది. వాళ్ళమ్మ మాట మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి శనివారం వచ్చింది. సామాను తీసుకుని, మడిచిన రెండు వందల నోటు నా చేతిలో పెట్టింది.

"ఇగో అక్క, బోణి."

"నోటెక్కడిది?"

"ఇంటికి పంపేదాంట్ల ఆపుకున్న."

"నిద్రొస్తుందక్క, పోత" అని వెళ్ళిపోయింది. నోటును కళ్ళకద్దుకున్నాను, అలవాటు కొద్దీ. కోత లేని బోణి, రెండు వందలకు రెండు వందలు. నేను కోరుకున్నదే కదా. గల్లా మూసి, ఖాళీ స్టూలు చూస్తూ కూర్చుంటే ఏడుపొచ్చింది. మూడు వారాలు అట్లాగే జరిగింది. ప్రతిసారీ నోటు, ప్రతిసారీ రెండు నిమిషాలు. తల్లికి పోవలసిన డబ్బు నా గల్లాలో పడుతోంది. ఆమెతో చెబుదామని నోరు తెరిచేదాన్ని. ఏమని చెప్పాలి? నువ్వు కూర్చోవాలని దొంగబుద్ధి చూపించానని చెప్పాలి. పొగరు అడ్డమొచ్చేది.

నాలుగో శనివారం ఆమె రాకముందే సొరుగు లాగాను. మిషన్ తీసి, కప్పిన గుడ్డ పక్కన పడేసి, కౌంటరు మధ్యలో పెట్టాను. ఆమె వచ్చి నోటు తీసింది.

"నోటొద్దు. కార్డియ్యి" అన్నాను.

"బోణి కాలేదేమో అక్క."

"కాలే. కార్డే బోణి."

ఆమె నా మొహం చూసి కార్డిచ్చింది. గీకాను. చీటీ బయటికొచ్చింది. చింపి, రెండు కళ్ళకూ అద్దుకుని గల్లాలో వేశాను. ముప్పై ఏళ్ళ అలవాటు అంత తేలిగ్గా పోదు.

"ఆనాడు తెల్లదారం ఉండె బిడ్డ. బోణైతే నువ్వు పోతవని, లేదని చెప్పిన."

"నాకెరుకే అక్క. డబ్బ నా తలకాయ ఎనకనే ఉండె."

"మరి కోపమొచ్చి నోట్లు తెచ్చినవా?"

"కోపమేంది. నేను కూసుంటే నీ గిరాకి పోతుందని తెచ్చిన."

నేను స్టూలు ముందుకు జరిపాను. ఇక ఆమె కూర్చోవాల్సిన పని లేదు. బోణి అయిపోయింది, సామాను సంచిలో ఉంది. ఆమె కూర్చుంది. వాళ్ళమ్మ ఆపరేషన్ సంగతి మొదటినుంచీ చెప్పింది. ఆ రోజు పొద్దుగూకేదాకా నాకు వచ్చిన గిరాకి ముగ్గురే. మా ఆయన ఉంటే, చూశావా మరి అనేవాడు.

అట్లా ఒక ఆరేడు శనివారాలు గడిచాయి. తర్వాత ఆమెను పగటి డ్యూటీకి మార్చారు. కంపెనీకి దగ్గరని రూము కూడా రావిర్యాలకు మార్చుకుంది. చెప్పడానికి వచ్చినప్పుడు, "మధ్యమధ్యల వస్త అక్క" అంది. రెండుసార్లు వచ్చింది కూడా. వాళ్ళమ్మ ఆపరేషన్‌కు సెలవు పెట్టి ఊరికి పోయిందని ఫోన్లో చెప్పింది. ఆ తర్వాత ఫోను కూడా తగ్గింది. ఆమె తప్పేమీ లేదు. పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషికి మ్యాచింగ్ సెంటర్ ఎక్కడ గుర్తుంటుంది.

మొన్న మిషన్ కంపెనీ నుంచి ఒకతను ఫోన్ చేశాడు.

"మేడమ్, మూడు నెలల సంది మీ మిషన్ మీద ఒక్క కార్డు గూడ గీకలే. అద్దె ఊకెనే కట్ అయితుంది. వాపస్ ఇచ్చేస్తరా?"

"ఇయ్య" అన్నాను.

"ఎవరన్న వాడేటోళ్ళున్నరా మరి?"

"ఒకామె ఉన్నది."

"ఎప్పుడొస్తది మేడమ్ ఆమె?"



"ఆమె వచ్చేదాంక ఉండనియ్యి" అని పెట్టేశాను.

మిషన్‌ను పొడి గుడ్డతో తుడిచి ఛార్జింగ్ పెట్టాను. ఆ మర్నాడు శనివారం. షట్టర్ సగమే ఎత్తాను.