దసరా నాడు ఆగిన సర్వరు

మహబూబ్‌నగర్‌లో మేమిద్దరం నేర్చుకునే కంప్యూటర్ సెంటర్ గోడకు మా వదిన సర్టిఫికెట్‌ను అద్దం కట్టించి తగిలించిన రోజు నాకు అన్నం సయించలేదు. వదిన అంటే మేనమామ కూతురు, నాకంటే కాస్త పెద్ద. ఆమె కాన్వెంటులో చదివింది. నేను బడి గడప తొక్కలేదు. బాపు మగ్గం నేస్తూ పలుకుతుంటే పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను, పదో తరగతి ప్రైవేటుగా రాశాను. ఆ మాత్రం చదువు ఇచ్చినందుకు జోగులాంబమ్మకు రోజూ దండం పెట్టుకునేదాన్ని. ఆ రోజూ పెట్టుకున్నాను. కళ్లు మూసుకుంటే మాత్రం అమ్మవారి ముఖానికి బదులు ఆ అద్దమే కనబడింది.

అవి తొంభైల చివరి ఏళ్లు. సెంటర్ నడిపే ఆయన ఒకప్పుడు గద్వాలలో బాపుతో కలిసి నేసినవాడు, అందుకే నాకు చిన్నాయన. మూల గదిలో ఒక సర్వరు ఉండేది. నేర్చుకునే పిల్లల ఫైళ్లన్నీ అందులోనే. ఏదో పత్రికతో పాటు వచ్చిన సీడీ నుంచి దాంట్లో విండోస్‌కు బదులు లినక్స్ వేశాడాయన. బొమ్మలు లేవు, మౌస్ లేదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ఏం కావాలన్నా ఆదేశం టైపు కొట్టాలి. ఎవరికీ నచ్చక అది నా పాలిట పడింది. ప్రతి ఆదేశానికీ వివరణ అందులోనే ఇంగ్లిష్‌లో ఉంటుంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, బాపు నేర్పినట్టే ఒక్కో వాక్యం పైకి చదువుకుంటూ నాలుగు నెలలకు దారి పట్టాను.

బాపు ఒక్క పరీక్షకే ఫీజు కడతానని ఒప్పుకున్నాడు. వదిన పాసైంది విండోస్ పరీక్ష. నౌకరీలన్నీ దానికేనని అందరూ అనేవారు. లినక్స్ పరీక్షలో చెడగొట్టిన మిషన్ ముందు కూర్చోబెట్టి బాగు చేయమంటారట. దసరా పోయాక ఏదో ఒకటి చెప్పమన్నాడు చిన్నాయన.

"గా నల్ల తెర పరీక్ష రాసి ఏం జేస్తవే పిల్లా? దయ్యాలకు నౌకరీ జేస్తవా?" అంది వదిన.

"నువ్వుండంగ దయ్యాలకు నౌకర్లు కరువా వదినా" అన్నాను.

ఇద్దరం నవ్వాం. నేను మాత్రం లోపల విండోస్ పరీక్షే ఖాయం చేసుకున్నాను. ఇష్టమై కాదు. ఆ గోడ మీద ఆమె పక్కన నా అద్దం కూడా ఉండాలి. వీలైతే ఇంకో జానెడు పైన.

నేసేవాళ్ల ఇళ్లలో దసరా నాడు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, ఇక ఆ రోజంతా దాన్ని ముట్టరు. చిన్నాయన నేత మానినా ఆ నియమం మానలేదు. నేను పక్క గదిలో కొబ్బరి ముక్కలు పంచుతుండగా, నడుస్తున్న సర్వరుకు బొట్టు పెట్టి, "ఇయ్యాల నువ్వు గూడ జర ఆరాం జెయ్" అని గోడ స్విచ్ ఆపేశాడు. సర్వరును అలా ఆపకూడదు. ముందు ఆదేశం ఇచ్చి, అది తన లెక్కలన్నీ డిస్కు మీద సర్దుకున్నాకే కరెంటు తీయాలి.

మర్నాడు ఆన్ చేస్తే సగంలో ఆగిపోయింది. ఫైళ్ల లెక్క కుదరడం లేదు, చేత్తో సరిచేసుకోండి అని తెర మీద ఇంగ్లిష్‌లో వచ్చింది.

"పిల్లల పనంత గిండ్లనే ఉన్నది గద బిడ్డా" అన్నాడు చిన్నాయన. ఆయన ముఖం పాలిపోయింది. గోడ మీది సర్టిఫికెట్ వదినది కాబట్టి ఆమెనే ముందు కూర్చోబెట్టాడు. ఆమె కాసేపు చూసి లేచింది.

"నాకు రాదు సార్. గీమెకు ఒస్తది."

అంత తేలిగ్గా 'రాదు' అనగలగడం చూసి కూడా అసూయ పడ్డాను.

అమ్మవారిని తలచుకుని కూర్చున్నాను. డిస్కును తనిఖీ చేసే ఆదేశం ఇచ్చాను. ఇది సరిచేయనా, ఇది సరిచేయనా అని అది అడుగుతూ పోయింది. ప్రతిదీ చదివి అవునని కొట్టాను. తెగిన పోగులు అతికేటంత ఓపిక పట్టింది. మధ్యాహ్నానికి సర్వరు లేచింది. చిన్నాయన నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. వదిన చూస్తుండగా పెట్టాడు, అదే నా సంతోషం.

అది ఎంతోసేపు నిలవలేదు. పేర్లు పోయిన ఫైళ్లను సిస్టమ్ ఒక చోట, వట్టి అంకెలే పేర్లుగా కుప్ప పోసింది. ఏది ఎవరిదో తెలియక నేను ఆగిపోయాను. వదిన స్టూలు దగ్గరికి లాక్కుంది.

"తెరువాల్నంటె ఏం కొట్టాలె?"

చెప్పాను. పాసైనప్పటి నుంచి పిల్లలకు పాఠాలు చూసేది ఆమే కాబట్టి రాత చూడగానే మనిషిని పట్టేసింది.

"గిది గా రెండు జడల పిల్లది, లైనుకో తప్పు. గిది మార్కెట్ యార్డు గుమాస్తాది, అన్నీ పెద్దక్షరాలే. సంతకం గూడ గట్లనే పెడ్తడు."

పేరు మార్చే ఆదేశం ఒక్కసారి చెబితే చాలింది. పొద్దు వాలేసరికి ఆ నల్ల తెర మీద ఆమె వేళ్లు నా వేళ్లకంటే వేగంగా పోతున్నాయి. నాకు నాలుగు నెలలు పట్టిన దారి ఆమెకు ఒక్క పూటలో అలవాటైంది.

దీపాలు పెట్టే వేళ చిన్నాయన అడిగాడు, "ఏ పరీక్ష రాస్తవు బిడ్డా?"

"లినక్స్" అన్నాను. పొద్దున ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు గోడ మీది అద్దం నాకు గుర్తుకే రాలేదు. అంతసేపు అది గుర్తురాని పని ఇంకోటి లేదు నాకు.

వదిన తెర మీంచి చూపు తిప్పకుండానే అంది, "నాది గూడ అదే రాసుకోండి సార్. మస్తుగున్నది. దయ్యాలకు ఇద్దరు నౌకర్లయితరు."

ఇంటికొచ్చి దీపం పెట్టాను. పిల్లల ఫైళ్లు దక్కినందుకు దండం పెట్టుకున్నాను. నా దారి నాకు తెలిసినందుకు పెట్టుకున్నాను. వదినను ఇచ్చినందుకు కూడా పెట్టుకోవాలని తెలుసు. ఆ ఒక్క దండం మర్నాటికి ఉంచుకున్నాను.