పూజలందుకున్న ఇంజన్

మా ఇంట్లో కారు తిరగడానికి కాదు, పూజ చేసుకోవడానికి ఉండేది. చిక్కబళ్ళాపురంలో మా నాయనకు నూనె అంగడి. రోజూ పొద్దున స్నానం చేసి, పటాల ముందు దీపం పెట్టి, అక్కడి నుంచే ఒక అగరుబత్తి తెచ్చి కారులో గుచ్చేవాడు. తూర్పు ముఖంగా నిలిపిన కారును స్టార్ట్ చేసి, అగరుబత్తి సగం కాలేదాకా ఇంజన్ ఆడనిచ్చి ఆపేసేవాడు. ఆ రోజుకు దాని పని అయిపోయినట్టే. ఏదైనా పెళ్ళి ఉంటేనే వీధి దాటేది. అప్పుడు కూడా యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా, టాప్ గేరులో ఎడ్లబండి మాదిరి ఈడ్చుకుంటూ పోయేవాడు. బండిని నొప్పించకూడదనేవాడు.

అలా నొప్పించకుండా సాకిన బండి చివరికి దగ్గడం మొదలుపెట్టింది. స్టార్టయితే వణికేది, గేరు వేస్తే ఆగిపోయేది. సైలెన్సర్ ఎదురుగా ఉన్న గోడ మీద నల్లటి మచ్చ పడింది. అమ్మ ఎన్నిసార్లు సున్నం కొట్టించినా మళ్ళీ వచ్చేది. మెకానిక్ ప్లగ్గు విప్పి, మసి చూపించి, లోపలంతా కార్బన్ పట్టిందన్నాడు. దిక్కు చూసి నిలబెట్టారు, మంచి ముహూర్తం చూసి బయటికి తీశారు, ఇంజన్‌కు ఏం కావాలో మాత్రం ఒక్కరూ చూడలేదు.

మా ఊరు కొత్తగా జిల్లా కేంద్రమైన రోజులవి. నేను చింతామణిలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పోతూ వస్తూ బస్సులో పట్టుగూళ్ళ మూటల మధ్య ఒంటికాలి మీద నిలబడేదాన్ని. డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తీసుకున్నా, కారు మాత్రం ఇచ్చేవాళ్ళు కాదు. ఆడపిల్ల అంత దూరం ఒంటరిగా తోలుకుని పోతే జనం ఏమంటారో అని నాయన భయం. జనం నాకు బస్సులో సీటు కూడా ఇవ్వలేదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

ఇంతలో చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, బాగేపల్లిలో ఒక బేరం కుదిర్చాడు. కొనేవాళ్ళు ఆదివారం వస్తారట. చెడిపోయిన బండి పోతే పీడా పోతుందన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ కారు పోతే మా ఇంట్లోకి ఇంకో కారు రాదు, నాకు బస్సే గతి.

స్పేర్ పార్ట్స్ అంగడికి పోయి అడిగాను. పెట్రోల్లో కలిపితే కార్బన్‌ను కరిగించే మందు సీసా ఒకటి ఇచ్చాడు అంగడాయన. "ఇది పోసి ఇంట్లో నిలబెట్టుకుంటే ఏం లాభం లేదమ్మా. దూరం తోలాల, గట్టిగా తోలాల," అన్నాడు. నాకు కావలసింది కూడా అదే.

శనివారం నాయన అంగడికి పోగానే, దేవుడి గూట్లోంచి కారు తాళం తీసుకున్నాను. సీసా మొత్తం ట్యాంకులో పోసి, పెట్రోలు నింపించి, గట్టిగా తోలడానికి హైవే ఉందని బాగేపల్లి దారి పట్టాను. దారిలో పేరేసంద్ర ఊరి దాకా బండి దగ్గుతూనే ఉంది. వెనక లారీవాడు హారన్ కొట్టి చంపుతున్నాడు. వెనక్కి తిప్పుదామా అనిపించింది. తిప్పలేదు. గేరు తగ్గించి, నాయన జన్మలో తొక్కనంత గట్టిగా తొక్కాను. అద్దంలో వెనకంతా నల్లటి పొగ. పోతే పోనీ అనుకున్నాను. పేరేసంద్ర దాటి కొంత దూరం పోయాక బండి ఊపందుకుని లాగడం తెలిసింది. బాగేపల్లిలో ఇంజన్ ఆపకుండానే కాఫీ తాగాను, అది ఆగిపోలేదు. ఏదో మహిమ జరిగిందని చెప్పను, సన్నటి వణుకు అలాగే ఉంది. వచ్చేటప్పుడు మాత్రం అద్దంలో రోడ్డు కనిపించింది.

ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర నాయన, పక్కనే చిన్నాయన. ఎవర్నడిగి తీశావని చిన్నాయన ఇంతెత్తున లేచాడు. ఆ కోపంలోనే స్టార్ట్ చేసి చూసి, ఒక్కసారిగా మొహం వెలిగిపోయి, ఇంకేం, రేపు వాళ్ళు ఎగరేసుకుపోతారన్నాడు. నేను బాగు చేసింది కూడా అమ్మకానికే పనికొచ్చింది. తాళం పీకి వాళ్ళ ముందే నా బ్యాగులో వేసుకున్నాను.

"అమ్మేది లేదు చిన్నాయనా. సోమవారం నుంచి చింతామణికి నేను దీంట్లోనే పోతా," అన్నాను.

ఆయన నాయన వైపు తిరిగాడు, ఒక మాట చెప్పమన్నట్టు. నాయన బానెట్ మీద చెయ్యి పెట్టాడు.

"అంత గట్టిగా తోలితే బండికి నొప్పి కాలేదామ్మా?" అన్నాడు.

"నిలబెట్టి నిలబెట్టి దాన్ని నొప్పించింది మనమే నాయనా. నన్ను కూడా."

 ఆదివారం వచ్చినవాళ్ళను నాయన గేటు దగ్గరే నిలిపి, "బండి ఇయ్యలేమప్పా, మా పాప పనికి పోతాండాది," అని పంపేశాడు. నేను కిటికీలోంచి విన్నాను. నాకు ఏడుపొచ్చింది, అయినా తాళం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

సోమవారం ఆయన ఎప్పటిలాగే అగరుబత్తి తెచ్చి కారులో గుచ్చి, డ్రైవర్ తలుపు తీసి పట్టుకుని పక్కకు జరిగాడు. నేను ఎక్కి, గేరు వేసి, తొక్కాను. అగరుబత్తి సగం కాలకముందే ఊరు దాటేశాను.