గుట్టెక్కి అడిగిన మాట

కోహెడ దాటాక వాగు పొంగి రోడ్డెక్కింది. మా వెనక కారులో మా ఆవిడ, పాప వస్తున్నారు. వాళ్లను ఎలాగైనా ఉన్నచోటే ఆపాలి. ఫోన్‌కు సిగ్నల్ లేదు. ముచ్చటపడి కొన్న వాకీటాకీలో గరగర తప్ప వాకూ లేదు, టాకూ లేదు. మధ్యలో రాతిగుట్ట అడ్డం. చేసేదేముంది, మా డ్రైవర్ ఖాజా భాయ్ వెంట గుట్టెక్కాను. పైకెళ్లగానే వాకీటాకీలో వెనక కారు డ్రైవర్ యాదగిరి గొంతు గంటలా మోగింది. ఖాజా భాయ్ అందుకున్నాడు.

"సలామ్ యాదగిరన్నా! అందరు మంచిగున్నరా?"

"మంచిగనే భాయ్. మీరెట్లున్నరు?"

"ముందు వాగు సంగతి చెప్పవయ్యా!" రొప్పుతూ అరిచాను.

ఖాజా భాయ్ మీట నొక్కిపట్టుకునే నావైపు తిరిగాడు. "ఆగుండ్రి సార్. పలకరియ్యకుంట పని చెప్తే మనిషి ఏమనుకుంటడు?" మళ్లీ సెట్టులోకి, "చాయ్ అయ్యిందా అన్నా?"

"గిప్పుడే హోటల్‌ కాడ ఆగి తాగుతున్నం. మేడమ్ రెండోది చెప్పింది."

"అయితే గాడనే ఉండుండ్రి. గీడ వాగొచ్చింది."

నేను బండ మీద కూలబడ్డాను. ఖాజా భాయ్ సెట్టు నా చేతిలో పెట్టాడు. అవతల మా ఆవిడ. చెప్పాల్సిందంతా అయిపోయింది.

"టీ ఎలా ఉంది?" అన్నాను.

"ఇది అడగడానికా అంత ఆయాసం?" అంది.