జవాబు తెలియని ప్రశ్న

1998. మాదాపూర్‌లో అద్దాల భవనాలు ఒక్కొక్కటిగా లేస్తున్న రోజులు. ఆ రోడ్డుకి కాస్త ఎడంగా ఉన్న చిన్న ఆసుపత్రిలో నేను స్పీచ్ థెరపిస్టుని. మాట పోయినవాళ్లకీ, మాట తడబడేవాళ్లకీ మళ్లీ మాట నేర్పడం నా పని. కిటికీ అవతల పొద్దస్తమానం బండలు పగలగొట్టే చప్పుడు, కాంక్రీటు కలిపే మిల్లర్ల మోత. ఆ మోతలో ఎవరికి మాట నేర్పేదని యాజమాన్యంతో పోట్లాడి, కిటికీకి మందపాటి దుప్పటి కొట్టించుకున్నాను. పట్టిన పట్టు వదలనని మా ఇంట్లో నాకు పేరు. ఆ మొండితనమే ఒకసారి ఓ మనిషి నోటి దగ్గర కూడు తీసేయబోయింది.

ఆయన పేరు మల్లయ్య. సెంట్రింగ్ మేస్త్రీ. స్లాబ్ కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని కింద నుంచి మోసే కర్రలు, రేకుల ఏర్పాటుని సెంట్రింగ్ అంటారు. పాలమూరు నుంచి వచ్చి, బోరబండలో కిరాయికుంటూ, పాతికమంది చేత ఆ పని చేయించేవాడు. ఆ వేసవిలో స్ట్రోక్ వచ్చింది. కాలూ చెయ్యీ రెండు నెలల్లో దారికొచ్చాయి గానీ మాట రాలేదు. దీన్ని అఫేజియా అంటాం. నాలుక బాగానే ఉంటుంది, మెదడులో భాషను నడిపే చోటు దెబ్బతింటుంది.

సైటు ఇంజినీరు నాకు ఫోన్ చేశాడు. "ఆయన మాట్లాడకపోయినా సర్దుకుంటామండి. మేం చెప్పింది అర్థమవుతుందో లేదో మీరు రాసివ్వండి. అర్థం కాదంటే మాత్రం పని ఇవ్వలేనండి. స్లాబ్ కింద మనుషులుంటారు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మల్లయ్య మళ్లీ మేస్త్రీ అవుతాడా లేదా అన్నది నేను రాసే ఒక్క వాక్యం మీద ఆధారపడింది.

ఇక్కడ మా శాస్త్రం గురించి కాస్త చెప్పాలి. కాలేజీలో భాషాశాస్త్రం శాఖల పేర్లు బట్టీ పడుతున్నప్పుడు ఒక్క భాషకి ఇన్ని ముక్కలెందుకని విసుక్కున్నాను. పేషెంటు ముందు కూర్చున్నాక తెలిసింది, పోయేటప్పుడు భాష ముక్కలుగానే పోతుందని. ధ్వనులు నోట్లో ఎలా పుడతాయో చూసేది ఫొనెటిక్స్. ఒక భాషలో ఏ ధ్వని మారితే మాట మారిపోతుందో చెప్పేది ఫొనాలజీ. 'ఇల్లు' అనే మాట 'ఇంట్లో', 'ఇళ్లు' అని రూపాలు మార్చుకోవడం మార్ఫాలజీ సంగతి. మాటలు వాక్యంగా కూడటం సింటాక్స్, అర్థం సంగతి సెమాంటిక్స్. ఇక ఎవరు ఎవరితో ఏ సందర్భంలో ఎందుకు అంటున్నారో పట్టించుకునేది ప్రాగ్మాటిక్స్. ఇంటికొచ్చిన చుట్టం "అబ్బ, ఏం ఎండ!" అంటే లేచి మంచినీళ్లు తెస్తాం చూడండి, అదన్నమాట. మా పుస్తకంలో అది చివరి అధ్యాయం. పరీక్షలకి దాన్ని చదవకుండానే గట్టెక్కాను.

మల్లయ్యతో వరసగా మొదలుపెట్టాను. 'ప', 'మ' అనమంటే అన్నాడు. బొమ్మలు చూపిస్తే "సుత్తె", "నీళ్లు" అని విడి మాటలు కష్టం మీద వచ్చాయి. వాక్యం మాత్రం కట్టలేకపోయాడు. అంతవరకూ నేను ఊహించినట్టే ఉంది. తర్వాత అర్థం చేసుకునే శక్తికి పరీక్ష. అవుననో కాదనో తలూపితే చాలు.

"మీరు కుర్చీలో కూర్చున్నారా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మీ పేరు మల్లయ్యేనా? ఏనుగు కోడి కన్నా పెద్దదా?"

మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇంకో ప్రశ్న అడిగేసరికి నా ముందున్న కార్డులు నెట్టేశాడు. నేను పద్ధతి ప్రకారం సున్నాలు వేసుకుంటూ పోయాను. మర్నాడూ అదే తంతు. 'అర్థం చేసుకునే శక్తి బాగా దెబ్బతింది' అని రిపోర్టు రాసి, ఆయన భార్య చంద్రమ్మకి చదివి వినిపించాను.

"అర్థం గాకేంది మేడం! బియ్యం ఒడిసినయంటే సంచి తీస్కొని దుకానంకు పోతుండు."

"మరి ఇక్కడెందుకు చెప్పరు?"

"మీరడిగేటియి గట్లున్నయి. కుర్చీల కూసున్నోన్ని కూసున్నవా అంటరు. పేరు రాసుకొని మల్ల పేరే అడుగుతరు. పరాచికాలాడుతున్నరనుకుంటుండు. పాతికమందికి పని జెప్పినోడు ఏనుగు పెద్దదా కోడి పెద్దదా అంటే ఏం జెప్తడు?"

"ఇది పరీక్షమ్మా. అందరికీ ఇవే ప్రశ్నలు" అని కసిరాను. ఆమె భర్త చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

కోపం దిగాక సిగ్గేసింది. అడిగే మనిషికి జవాబు ముందే తెలుసని, కాబట్టి అది అసలు ప్రశ్నే కాదని ఆయన గ్రహించాడు. భాష తెలియనివాడికి అంత చిరాకు రాదు. ఆ చిరాకుకే నేను సున్నా వేశాను.

అలాగని జాలిపడి రిపోర్టు దిద్దడానికి లేదు. స్లాబ్ కింద మనుషులుంటారు. తేల్చుకోవాల్సిందే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే మల్లయ్యనీ చంద్రమ్మనీ వెంటబెట్టుకుని సైటుకి వెళ్లాను. మల్లయ్యకి కనిపించకుండా వెనకాల నిలబడమని, సైగ కూడా చెయ్యొద్దని ఇంజినీరుకి గట్టిగా చెప్పాను. స్లాబ్ కింద కర్రలింకా తీయని ఓ గదిలోకి వెళ్లాం.

"మల్లయ్యగారూ, నాకు ఈ పని తెలీదు. స్లాబ్ గట్టిపడ్డాక ముందు ఏ కర్రలు తీస్తారు?"

మొదటిసారి ఆయన నా మొహంలోకి సూటిగా చూశాడు. గది నడిమధ్యకి నడిచి అక్కడి కర్ర తట్టాడు. తర్వాత రెండు చేతులూ చాపి, మధ్య నుంచి అటూ ఇటూ గోడలవైపు చూపించాడు. ఇంజినీరు తలూపాడు.

బయటకి పొడుచుకొచ్చిన బాల్కనీ దగ్గరికి వెళ్లాం. "ఇక్కడైతే గోడవైపు నుంచి మొదలుపెట్టాలా?" అంటూ ఓ కర్ర మీద చెయ్యి వేశాను. నిజంగానే తెలియక అడిగాను.

"ఏయ్! వద్దు!"

అందరం ఉలిక్కిపడ్డాం. ఆయన నా చెయ్యి లాగేసి, బాల్కనీ చివరికి తీసుకెళ్లి అక్కడి కర్ర పట్టుకున్నాడు. "ఇది... ముందు." మళ్లీ గోడ దగ్గరికొచ్చి, "ఇది... ఎన్క."

"కరెక్టేనండి" అన్నాడు ఇంజినీరు. "గోడవైపు ముందు తీస్తే స్లాబ్ పగులుతుంది."

చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నాకూ కళ్లు చెమర్చాయి గానీ అక్కడితో ఆపలేదు. గంటసేపు అడుగుతూనే ఉన్నాను. రెండుసార్లు పొడవాటి వాక్యం అందక మళ్లీ చెప్పమని సైగ చేశాడు. అదీ రాసుకున్నాను. కొత్త రిపోర్టులో ఇలా రాశాను: 'అర్థం చేసుకుంటున్నాడు. పొడవైన మాట విడగొట్టి చెప్పాలి. జవాబుకి వ్యవధి ఇవ్వాలి.' ఇంజినీరు అక్కడే చదివి, వచ్చే సోమవారం నుంచి పదిమందితో మొదలుపెట్టమన్నాడు.

"పాత రిపోర్టు చింపేస్తానమ్మా" అన్నాను చంద్రమ్మతో.

"ఎందుకు చింపుడు? ఉంచుకోండ్రి. ఇంకొకలకు రాసేటప్పుడు జర సూస్కోండ్రి."

ఉంచుకున్నాను. కొత్త పేషెంటు వస్తే కార్డులు తీసే ముందు ఆ మనిషి పని గురించి, నాకు తెలియనిదేదో అడుగుతాను. ఆ తర్వాత కూడా చాలామందికి సున్నాలు వేశాను, వెయ్యక తప్పదు. వేసే ముందు మాత్రం కలం ఆపి, ఆ సున్నా వాళ్లదా, నాదా అని చూసుకుంటాను.