ఆదర్ మీటింగుకి తెల్లచీర

మా చెల్లెలు దీనమ్మను పార్వతీపురం తెచ్చేసుకుందామనే నేను రాయపూర్ బయలుదేరాను. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చుగాని రాయడం రాదు, నోటితో చెప్పి రాయిస్తున్నాను. అటు వెళ్ళేవాళ్ళుంటే దారి తెలుస్తుంది, నాలాగ అయోమయంలో పడకుండానూ ఉంటారు.

శుక్రవారం సాయంత్రం దీనమ్మ కొడుకు సామ్యేలు ఫోన్ చేశాడు. వాడు పుట్టి పెరిగింది రాయపూర్‌లోనే, మాట్లాడేది సగం తెలుగు, సగం హిందీ. "పెద్దమ్మా, ఆదివారం చర్చిలో మమ్మీకి ఆదర్ మీటింగ్. నువ్వు జరూర్ రావాలి" అన్నాడు. నాకు గరగరమనే మోత మధ్య "ఆదరణ మీటింగ్" అని వినిపించింది. అంతలో లైను పోయింది. మా సంఘాల్లో ఎవరైనా కన్నుమూస్తే, మిగిలినవాళ్ళను ఓదార్చడానికి ఆదరణ కూడిక పెడతారు. మమ్మీకి ఆదరణ అంటే డాడీ లేనట్టే కదా! మా మరిది ప్రకాశం రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసి రిటైరైన మనిషి. పోయిన నెలే గుండెకు ఆపరేషన్ అయింది. తిరిగి ఫోన్ చేసి, మీ నాన్న ఎలా పోయాడని పిల్లాణ్ణి ఎలా అడగను?

మా ఆయన పోయి మూడేళ్ళయింది. ఇంట్లో ఒక్కదాన్నే. ఏడుస్తూనే లోపలి గది తుడిచాను, దీనమ్మకు మంచం వాల్చాను. ఇక ఇద్దరం ఒకరికొకరం ఉంటామని అనుకున్నాను.

శనివారం ఉదయం ఎనిమిది దాటాక రాయపూర్ ప్యాసింజర్ వచ్చింది. జనరల్ పెట్టెలో కిటికీ పక్క చోటు దొరికింది. అన్నం కట్టుకుని వెళ్ళండి. రాయగడ దాటితే మన భాషలో అడిగి తినేది దొరకడం కష్టం. తెల్లచీర కట్టుకున్నాను కదా, ఎదురుగా కూర్చున్న బొబ్బిలి ఆవిడ కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఆమె మొగుడు రాయపూర్ పక్కన ఉర్లాలో ఇనుము ఫ్యాక్టరీలో పనిచేస్తాడట.

"ఏటమ్మా, తెల్లకోక కట్టీసినావు. సావుకేటి?" అంది.

"మా మరిది పోయాడమ్మా."

"అయ్యో! ఎలాగ పోనాడు?"

"అదే తెలీదు."

"ఎప్పుడు పోనాడు?"

"అదీ తెలీదమ్మా."

ఆమె ఒక అరటిపండు నా చేతిలో పెట్టింది. టిట్లాగఢ్‌లో ఎండ మాడ్చేసింది. దీనమ్మకు ఏం చెప్పాలో ఒక్కో మాటా కూర్చుకుంటూ కూర్చున్నాను.

దీపాలు పెట్టేవేళ దాటాక రాయపూర్‌లో దిగాను. స్టేషను బయట ఆటోవాడికి "డబ్ల్యూఆర్ఎస్ కాలనీ" అంటే చాలు, ఆ రైల్వే వర్క్‌షాపు వాళ్ళ కాలనీ అందరికీ తెలుసు. దీనమ్మ ఇంటిముందు టెంటూ లేదు, చెప్పులూ లేవు. తలుపు కొట్టాను. తీసింది ప్రకాశం. లుంగీ కట్టుకుని, మరమరాలు నములుతున్నాడు.

నేను చేతిలో సంచీ గడప మీదే వదిలేశాను.

"ఓలమ్మో, వదినా! సెప్పకుండా వొచ్చీసినావేటి?"

అతని చెయ్యి పట్టుకుని చూశాను. వెచ్చగానే ఉంది. "నువ్వున్నావా?" అన్నాను.

"లేకపోతే ఎక్కడికెల్తాను? అంత కోతా కోయించుకున్నది ఉండడానికే గదా!"

దీనమ్మ పరుగెత్తుకుని వచ్చింది. నా చీర చూసి, మొగుణ్ణి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సామ్యేలు తల పట్టుకున్నాడు. "ఆదర్ అన్నాను పెద్దమ్మా! ఆదర్ అంటే గౌరవం, సన్మానం. మమ్మీ ప్రాచీన్ అయింది."

"ప్రాచీనమేటిరా? నాకంటే చిన్నది!"

ప్రకాశం పడీ పడీ నవ్వాడు. "ముసల్దానా అంటే ఇన్నాళ్ళూ నా మీద అలిగీది వదినా. ఇప్పుడు సంగమే అనీసింది."

తరువాత తెలిసింది, మన ప్రెస్బిటేరియన్ సంఘాల్లో సంఘ పెద్ద అనే మనిషిని హిందీ సంఘంలో ప్రాచీన్ అంటారట. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దేవునికి స్తోత్రం అన్నాను, మనసారానే అన్నాను. అన్నం ముందు కూర్చుంటే మాత్రం లోపలి గదిలో వాల్చి వచ్చిన మంచం గుర్తొచ్చింది. మనిషి బతికుంటే ఈ దిగులేమిటో నాకు అంతు పట్టలేదు. చెల్లెలు నాతో రాదు, అంతే కదా!

ఆదివారం ఆరాధన పది గంటలకు. దీనమ్మ తన నీలం చీర నాకు కట్టింది. పాటలు హిందీలో రెండు, తెలుగులో ఒకటి. పాస్టరుగారూ మిగతా పెద్దలూ దీనమ్మ తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. అంతా అయ్యాక పాస్టరుగారు నావైపు చూసి ఏదో అన్నారు. "ప్రోత్సాహంగా రెండు మాటలు చెప్పమంటున్నారు పెద్దమ్మా. నేను హిందీలో చెప్తాను" అన్నాడు సామ్యేలు.

నా దగ్గర రైల్లో కూర్చుకున్న మాటలు తప్ప ఇంకేం ఉన్నాయి? అవే వచ్చేశాయి. "దీనమ్మా, మట్టి చేసిన రోజు అందరూ వస్తారు. ఆదరణ కూడికకూ వస్తారు, పాడతారు, భోజనాలు చేస్తారు. తరువాత ఎవరూ రారు. ఒక్క మనిషికి బియ్యం ఎంత పొయ్యాలో చేతికి తెలీదు. అప్పుడు ఎవరైనా వచ్చి ఊరికే కూర్చుంటే చాలు. బైబిలు వాక్యం చెప్పక్కరలేదు."

సామ్యేలు సగంలో ఆగిపోయి మళ్ళీ అందుకున్నాడు. ఎవరూ ఆమేన్ అనలేదు. వెనక వరసలో ఒకామె ముక్కు చీదింది. సన్మానం రోజున శ్మశానం మాటలు మాట్లాడానే అని సిగ్గుతో కూర్చున్నాను. బయటికి వచ్చాక ప్రకాశం, "మళ్ళీ పాతిపెట్టీసినావు గదా వదినా నన్ను" అన్నాడు. దీనమ్మ నవ్వలేదు. భోజనాల దగ్గరా నాతో మాట్లాడలేదు. కోపం వచ్చిందనుకున్నాను.

సోమవారం ఉదయం స్టేషనుకు అందరూ వచ్చారు. బండి కదలబోతుంటే దీనమ్మ సంచీతో పెట్టెలోకి ఎక్కేసింది.

"నువ్వెక్కడికే?"

"సంగంలో నాకిచ్చిన పని ఇల్లిల్లూ తిరిగి పలకరించడం. మొదటిల్లు నీదే."

"వారమే సుమీ!" అని కిటికీ బయటినుంచి అరిచాడు ప్రకాశం. "నాకు గంజి కాసుకోవడం కూడా రాదు!"

మహాసముంద్ దాటాక దీనమ్మ డబ్బా విప్పి అన్నం కలిపింది. కలుపుతూ, "అప్పా, బావ పోయినాక నువ్వు మళ్ళీ పొయ్యి ఎప్పుడు ఎలిగించినావు?" అంది.

మూడేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. చెప్పడం మొదలుపెట్టాను. కాంటాబాంజీ వచ్చింది, పోయింది. డబ్బాలో అన్నం ఎండింది. దీనమ్మ ఒక్క వాక్యం చెప్పలేదు, మోకాలు నా మోకాలికి ఆనించి కూర్చుంది.

ఎప్పటికీ ఉండిపోయే మనిషిని తెద్దామని వెళ్ళి, వారం ఉండే మనిషితో తిరిగి వచ్చాను. ఇది నష్టమో లాభమో నాకు తెలియడం లేదు. ఆ మాట చెల్లెలుగా అడిగిందో, సంఘ పెద్దగా అడిగిందో అదీ తెలియడం లేదు. అడిగింది.